ఒట్టు తీసి గుట్ట మీద

నాకు ఒక విద్య వచ్చు. పొద్దున ఏడింటికి ఇల్లు దాటితే సాయంత్రం ఆరింటికి మళ్లీ గడప తొక్కేదాకా చుక్క నీళ్లు ముట్టకుండా ఉండగలను. ఎండాకాలమైనా సరే, పెళ్లిళ్ల రోజులైనా సరే. నా ముందర ఒంటె ఎందుకూ పనికిరాదు. అది కనీసం బయలుదేరే ముందైనా కడుపునిండా తాగుతుంది, నేను అదీ తాగను.

ఈ విద్య నాకు మనుషులెవరూ నేర్పలేదు, ఒక తాళంచెవి నేర్పింది. టీచరు ఉద్యోగం వచ్చిన కొత్తలో నన్ను జఫర్‌గఢ్ అవతల ఒక చిన్న ఊరి బడికి వేశారు. జనగామలో మా ఇంటి నుంచి రెండు బస్సులు మారి పోవాలి. ఆ బడిలో ఆడవాళ్లకని ఒక బాత్రూం ఉండేది. దానికో తాళం ఉండేది. తాళంచెవి పెద్దసారు బల్ల మీద ఉండేది. అది ఎక్కడ పోతుందోనని ఎవరో మహానుభావుడు దానికి అడుగు పొడుగు చెక్క స్కేలు కట్టి పెట్టాడు. ఆ స్కేలు పట్టుకుని వరండా ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తుంటే ఐదు తరగతులూ పాఠం ఆపి నన్నే చూసేవి. మొదటి వారంలోనే మూడో తరగతి మొత్తం ఒక్క గొంతుతో "టీచర్ ఒంటికి పోతుందిరో!" అని చాటింపు వేసింది. ఒంటికి అంటే, చిటికెనవేలు చూపించి అడిగే పని.

ఆ రోజే తీర్మానించుకున్నాను. తాగితేనే కదా పోవాల్సి వచ్చేది. తాగుడే మానేస్తే స్కేలూ లేదు, వరండా లేదు, మూడో తరగతీ లేదు. ఆ తర్వాత నాలుగు బళ్లు మారాను. ఇప్పుడు రఘునాథపల్లి వైపు నేను పనిచేసే బడిలో మంచి బాత్రూంలున్నాయి, నల్లా ఉంది, తాళం అసలు లేనేలేదు. అయినా ఇల్లు దాటగానే నా గొంతు తనంతట తాను తాళం వేసేసుకుంటుంది. అలవాటు అట్లా ఎముకల్లోకి దిగిపోయింది.

నిరుడు ఒకనాడు ఐదో తరగతికి భిన్నాలు చెబుతుండగా నడుములో కుడిపక్క ఎవరో గడ్డపార దింపినట్టయింది. లవమూ హారమూ వదిలేసి బోర్డు పట్టుకుని అట్లాగే కూర్చుండిపోయాను. దవాఖానకు తీసుకుపోతే కిడ్నీలో శనగగింజంత రాయి ఉందన్నారు. డాక్టరమ్మ నా నీళ్ల చరిత్ర మొత్తం విని కళ్లద్దాలు తీసి పక్కన పెట్టింది.

"చూడమ్మా, ఈసారికి మందులతోని పోతది. మళ్ల వస్తే కోసుడే. రోజుకు మూడు లీటర్లు. ఇంట్ల కాదు, ఇంటి బయట తాగాలె. అర్థమైందా?"

అర్థమైంది. టీచర్లకు అన్నీ అర్థమవుతాయి, చేయడమే కష్టం.

అప్పుడు నాకు సేవ చేసింది మా వదిన. అంటే మా ఆయనకు అక్క. మహబూబాబాద్‌లో బియ్యం, పప్పుల హోల్‌సేల్ దుకాణం వాళ్ల కోడలు. ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు. మా వదినకు ఆ సామెత చాలదు, మా ఆయన్నీ నన్నూ కలిపి ఏలగలదు. కబురు తెలియగానే మొదటి రైలుకే దిగింది. పది రోజులు నా మంచం పక్కనే ఉండి ఉలవలు ఉడికించిన నీళ్లు ఒకపూట, బార్లీ నీళ్లు ఒకపూట ముక్కు మూసి తాగించింది. రోజూ సాయంత్రం నన్ను కూర్చోబెట్టి జడ వేసేది. మా అమ్మ పోయాక నా తలలో దువ్వెన పెట్టిన మనిషి ఆమె ఒక్కతే. పదకొండో రోజు రైలెక్కబోతూ స్టేషన్‌లోనే నా చెయ్యి లాగి తన నెత్తి మీద పెట్టుకుంది.

"ఒట్టెయ్. ఇంటి బయట గూడ నీళ్లు తాగుత అని నా మీద ఒట్టెయ్."

వేశాను. మా ఒట్లలో ఒక అన్యాయం ఉంది. ఒట్టు తప్పినవాళ్లకు ఏమీ కాదు. ఎవరి నెత్తి మీద చెయ్యి పెట్టామో వాళ్లకు తగులుతుంది. బడిలో పిల్లలకు మూఢనమ్మకాల పాఠం చెబుతాను గానీ, ఈ ఒక్క విషయంలో నాకు లోపల చాలా భయం. ఆ భయంతో ఓ నెల రోజులు బడిలో కూడా తాగాను. తర్వాత మెల్లగా ఇంట్లో తాగుతున్నాను కదా అని నాకు నేనే సర్దిచెప్పుకుని, ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను.

ఇట్లా ఉండగా ఫాల్గుణంలో డ్రిల్ సార్ ఫోన్ చేశారు. స్కేలు కట్టిన తాళంచెవి బడిలో ఆరేళ్లు నాతో పనిచేసిన మనిషి. రిటైరయ్యాక భూపాలపల్లిలో ఇల్లు కట్టుకున్నారు. పోయేటప్పుడు బడికి బంతులూ తాళ్లూ అన్నీ అప్పజెప్పారు గానీ విజిల్ మాత్రం ఇవ్వలేదు. ఇప్పుడు ఆదివారం ఆదివారం ఓ పదిమందిని పోగేసి, అదే విజిల్‌తో అడవిలో గుట్టలెక్కిస్తున్నారు.

"టీచర్, మోదుగు పూసింది, ఇప్పపువ్వు రాలుతున్నది. ఉగాది దాటితే ఎండ ముదురుతది. ఈ ఐతారం రాండ్రి. పొద్దుగాల ఆరింటికి మొదలువెడితే పదింటికల్ల దిగుతం. నూలు బట్టలు, నెత్తికి తువ్వాల, కొంగుకు ఉల్లిగడ్డ, మనిషికి రెండు లీటర్ల నీళ్లు. ఇరవై నిమిషాలకోసారి విజిల్ ఊదుత. దూపైనా కాకున్నా తాగాలె."

ఆ చివరి మాట విని, "సార్, అక్కడ ఏర్పాట్లు ఎట్లుంటయి?" అని అడిగాను.

"అన్ని ఉన్నయి టీచర్! గాలి, నీడ, నెమళ్లు. ఇంకేం గావాలె?"

ఇంకేం కావాలో ఆ పెద్దమనిషితో చెప్పలేకపోయాను. డాక్టరమ్మ నడవమని కూడా చెప్పింది కాబట్టి వస్తానన్నాను. ఈ సంగతి మా ఆయన ద్వారా మహబూబాబాద్ చేరింది. గంటలో వదిన ఫోన్. "నేనూ వస్త. నువ్వు తాగుతవో లేదో నా కండ్లతోటి చూస్త."

ఇక నాకు రెండు చిక్కులు. తాగితే అడవిలో పదిమంది మధ్య ఒంటికి ఎక్కడ పోవాలి? తాగకపోతే వదిన కళ్లెట్లా కప్పాలి? రెండు రోజులు ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టాను. ఆ తెలివి ఇంకో పనికి పెట్టి ఉంటే ఈపాటికి హెడ్‌మాస్టర్నయ్యేదాన్ని. మా ఇంట్లో మూతికి పీల్చే గొట్టం ఉన్న ఒక స్టీలు సీసా ఉంది. లోపల ఏముందో బయటికి కనబడదు. గొట్టానికి నోరు పెడితే ఎంగిలి. మా ఇళ్లల్లో ఒకరి ఎంగిలి సీసా ఇంకొకరు ముట్టరు కాబట్టి వదిన దాన్ని తెరిచే ప్రసక్తి లేదు. అయితే ఆమె దుకాణం మనిషి, చేత్తో ఎత్తి బరువు చూడకుండా వదలదు. నీళ్లు పోసి తాగకుండా ఉందామంటే నా మీద నాకే నమ్మకం లేదు, ఎండకు దూప ఆగక తాగేస్తే? కాబట్టి నీళ్లు ఉండకూడదు, బరువు ఉండాలి, చప్పుడు కాకూడదు. సీసా నిండా కుదించి బియ్యం పోశాను. దారిలో వదిన చూడనప్పుడల్లా ఒక గుప్పెడు పిట్టలకు చల్లితే సీసా తేలికవుతుంది, నేను తాగినట్టు ఉంటుంది, పుణ్యం కూడా వస్తుంది. అన్నీ ఆలోచించాను.

శనివారం సాయంత్రమే భూపాలపల్లి చేరి డ్రిల్ సార్ ఇంట్లో దిగాం. ఆదివారం తెల్లవారుతుండగా వదిన నా సీసా ఎత్తి చూసి, "శెభాష్" అంది. సార్ భార్య పెట్టిన అంబలి అందరూ రెండు గ్లాసులు తాగారు. నేను ఒక గుటకతో సరిపెట్టాను.

గుట్ట మొదట్లో చల్లగా హాయిగానే ఉంది. ఆకు రాల్చిన చెట్ల మధ్య మోదుగుపూలు మండుతున్నాయి. మొదటి విజిల్ మోగింది. అందరూ సీసాలెత్తారు. నేనూ గొట్టం నోట్లో పెట్టుకుని గొంతు పైకీ కిందికీ ఆడించాను. రెండో విజిల్‌కు కాస్త కళ కలిపి "హా" అని నిట్టూర్చాను కూడా. మూడో విజిల్‌కు ఉత్సాహం ఎక్కువై గట్టిగా పీల్చాను. గొట్టంలోంచి ఒక బియ్యపు గింజ వచ్చి సూటిగా కొండనాలుకకు తగిలింది. దగ్గు ఆగలేదు.

"మెల్లగ తాగవే, పొలమారింది," అని వదిన నా నెత్తి మీద తట్టింది. "మా తమ్ముడు తల్సుకుంటున్నడేమో."

వదిన మాత్రం నియమంగా తాగింది, మనస్ఫూర్తిగా తాగింది. మెడ మీద పోసుకుంది, మొఖం కడుక్కుంది, సీసా మరిచివచ్చిన ఒకావిడకు సగం పోసిచ్చింది. "మా మర్దలు దగ్గర నిండా ఉన్నయి తియ్" అని కూడా అంది. ఆ మాట విన్నప్పుడైనా నేను నోరు విప్పాల్సింది.

తొమ్మిదయ్యేసరికి ఎండ ఎండలాగే అయింది. రాయి కింది నుంచి కాలుస్తోంది, సూర్యుడు పైనుంచి. వదినకు మోకాళ్ల నొప్పి, ఆమె కోసం నేను వెనకబడ్డాను. మిగతావాళ్లు మలుపు తిరిగి పైకి పోయారు. నాకు పెదాలు అంటుకుపోతున్నాయి, నడుములో కుడిపక్క చిటుక్కుమని ఒక చిన్న పోటు వచ్చి పోయింది. అది నాకు తెలిసిన పోటే. కోసుడే అన్న డాక్టరమ్మ గొంతు వినబడింది. అంతలో వదిన ఒక బండ పక్కన చతికిలబడింది.

"కండ్లు తిరుగుతున్నయే. నా సీసా ఖాళీ. నీది ఇయ్యి."

"వదినా, ఎంగిలిది," అన్నాను.

"నీ ఎంగిలైతే ఏంది, నువ్వు నాకు బిడ్డ లెక్క. ఇయ్యి ఇటు."

సీసా లాక్కుంది. గొట్టంతో పనికాదని మూత మొత్తం తిప్పి తీసింది. తల వెనక్కి వాల్చి, నోరు తెరిచి, సీసా వంచింది. బియ్యం జలజలా రాలాయి. నోట్లో, ముక్కు మీద, కళ్ల మీద, జాకెట్టులో. యాభై ఎనిమిదేళ్ల వయసులో మా వదినకు అడవిలో రెండోసారి తలంబ్రాలు పడ్డాయి.

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. నా వైపు ఒకసారి చూసి, అట్లాగే పక్కకు ఒరిగిపోయింది. మొఖం పాలిపోయింది, చేతులు చల్లబడి చెమట కారిపోతోంది. నేను తప్పిన ఒట్టు ఎవరికి తగలాలో వాళ్లకే తగిలింది. "సార్!" అని అరిచాను. పైనుంచి విజిల్ వినబడింది, తాగండి అని. ఫోన్‌లో సిగ్నల్ లేదు. వదిన తల ఒళ్లో పెట్టుకుని కొంగుతో విసురుతూ ఏడ్చాను. జడ వేసిన చేతులవి. ఆ చేతులు నా ఒళ్లో జారిపోతుంటే నేను చేయగలిగింది ఆమె మొఖం మీది బియ్యం ఏరడం ఒక్కటే.

అప్పుడు కింది చెట్లలోంచి ఒక అవ్వ వచ్చింది. నెత్తి మీంచి అద్దాలు కుట్టిన పెద్ద ఎర్ర గుడ్డ, చంకలో ఇప్పపువ్వు గంప. కింద తండా వాళ్ల మనిషి. నా అరుపు విని గబగబా ఎక్కివచ్చినట్టుంది, రొప్పుతోంది. వదినను చూసి ఆత్రంగా అడిగింది.

"పాణి?"

"అవునవ్వా, పాణం బాగలేదు, మా వదినకు," అన్నాను.

"పాణి ఛ?"

ఛ అంటోంది! నా పాపం ఈమెకెట్లా తెలిసిందని బిత్తరపోయాను. "తప్పయిందవ్వా," అన్నాను.

"పాణి! పాణి ఛ?" అని అవ్వ గట్టిగా అంది.

"పాణం పోయేటట్టుందవ్వా, జర చూడు!" అని నేను ఇంకా గట్టిగా అన్నాను.

కళ్లు మూసుకునే ఉన్న వదిన పెదాలు కదిలాయి. "నీళ్లున్నయా అని అడుగుతున్నదే, మొద్దూ."

పాణి అంటే నీళ్లు. ఛ అంటే ఉంది. వదిన దుకాణానికి రోజూ తండాల నుంచి బేరాలొస్తాయి, ఆమెకు వాళ్ల మాట వచ్చు. ఇరవై ఐదేళ్లుగా తండా పిల్లలకు తెలుగు నేర్పుతున్న నాకు వాళ్ల నీళ్ల మాట రాదు. సిగ్గుతో తల వంచుకుని, లేవని చెప్పాను.

అవ్వ ఇంకేమీ అడగలేదు. గంపలోంచి తడిగుడ్డ చుట్టిన సీసా తీసింది. ఇద్దరం కలిసి వదినను ఇప్పచెట్టు నీడకు జరిపాం. అవ్వ తువ్వాల తడిపి మెడకు చుట్టింది, జాకెట్టు హుక్కులు వదులు చేసింది, కాళ్లు గంప మీదికి ఎత్తి పెట్టించింది. వదిన కాస్త తేరుకుని సీసా అందుకోబోతే చెయ్యి పట్టుకుంది. ఇప్పుడు మా తెలుగులోనే మాట్లాడింది.

"గటగట తాగకు బిడ్డా, కక్కుకుంటవు. గుక్క గుక్క తాగు."

పావుగంటకు వదిన మొఖంలోకి రంగు వచ్చింది. కొంగు మీద ఇరుక్కున్న ఒక గింజ తీసి వేళ్ల మధ్య నలిపి, కంటి దగ్గర పెట్టుకుని చూసింది.

"గిది మా దుకాణం బియ్యమే. పాతవి. మంచి బియ్యం ఖరాబు చేసినవ్ కదనే."

అప్పుడు తిట్టింది. ఏడు తరాలను కలిపి, తన పుట్టింటిని కూడా మినహాయించకుండా తిట్టింది. నాకు ప్రాణం లేచొచ్చింది. తిట్లన్నీ అయ్యాక అడిగింది, "ఎందుకే గిట్ల జేసినవ్?"

నేను చెప్పేశాను. తాళంచెవి, స్కేలు, వరండా, మూడో తరగతి, చివరికి పిట్టలకు బియ్యం చల్లే ఉపాయం దాకా, అన్నీ. ఎన్నడూ ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకు కూడా. "తాగితే ఏడికి పోవాలె వదినా? గీ మొగోళ్ల నడుమ, గీ బండల మీద?" అని అడిగాను. బస్సు ప్రయాణాల్లో తాను కూడా అంతేనని, సొంత కారు కొన్నాకే దారిలో నీళ్లు తాగడం నేర్చుకున్నానని వదిన మెల్లగా ఒప్పుకుంది.

అవ్వ అంతా విని, పళ్లు లేని నోటితో పడీ పడీ నవ్వింది. లేచి వెళ్లి కింది వాగు ఇసుకలో చేత్తో గుంట తోడి, ఊరిన నీళ్లతో సీసా నింపుకొచ్చింది. ఆ ఊటను చెలిమె అంటారు, ఎండాకాలంలోనూ చల్లగా ఉంటుంది. సీసా నా చేతిలో పెట్టింది.

"తాగు. మొత్తం తాగు. పరేషాన్ గాకు, నేనున్న."

తాగాను. ఇంటి బయట, ఎండలో, ఆడదాన్నై, సీసా మొత్తం తాగాను. నీళ్లు ఇంత తియ్యగా ఉంటాయని మరిచేపోయాను. ఇంకో సీసా తెచ్చింది, అదీ తాగాను. అరగంటకు జరగాల్సింది జరిగింది. నా మొఖం చూసే అవ్వకు అర్థమైంది. నెత్తి మీది ఎర్రగుడ్డ తీసి బారుగా విప్పి, ఒక కొస తాను పట్టుకుని, ఇంకో కొస వదిన చేతికిచ్చింది. రెండు బండల మధ్య ఆ గుడ్డను గోడలా నిలబెట్టి, ఇద్దరూ అటు తిరిగి మోకాళ్ల నొప్పుల గురించి ముచ్చట పెట్టుకున్నారు. గుడ్డకు కుట్టిన అద్దాలన్నీ ఎండకు మెరుస్తున్నాయి. ఏ బడిలోనూ, ఏ బస్టాండులోనూ నేను అంత నిశ్చింతగా కూర్చోలేదు.

సరిగ్గా అప్పుడే పైనుంచి విజిల్. వెనకే డ్రిల్ సార్ కేక. "టీచర్! తాగిన్రా?"

వదిన గొంతు ఎప్పటిలా అయింది. గుడ్డ వదలకుండానే గుట్టంతా మారుమోగేలా అరిచింది.

"తాగుడు అయింది సారూ! మా మర్దలు ఒంటికి పోతున్నది! మీరు జర ఆడనే ఆగుండ్రి!"

ఇరవై ఐదేళ్ల కింద మూడో తరగతి వేసిన చాటింపునే మా వదిన అడవి మొత్తానికి వేసింది. ఈసారి మాత్రం నాకు నవ్వు ఆగలేదు. పైన విజిల్ మళ్లీ చాలాసేపటి దాకా మోగలేదు.

దిగేముందు అవ్వ బండ మీది బియ్యాన్ని ఒక్క గింజ వదలకుండా ఊడ్చి తన కొంగున మూట కట్టుకుంది. "పిట్టలకు ఇప్పపువ్వుంది, గియ్యి నాకు," అంది. గంప ఎత్తుకుని, వచ్చినంత వడిగానే వెళ్లిపోయింది.

సగం దారిలో వదిన ఆగింది. నా చెయ్యి పట్టి లాగి మళ్లీ తన నెత్తి మీదికి తీసుకుపోయింది. "ఇంకోసారి ఒట్టెయ్."

నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. "ఒట్టు నాతోని కాదు వదినా. మళ్లొచ్చేటప్పుడు ఒక పాత చీర తెచ్చుకుందాం. ఒక కొస నువ్వు పట్టుకో, తాగుడు నేను చూసుకుంట."

వదిన నన్ను పైనుంచి కింది దాకా చూసింది. జాకెట్టులో చెయ్యి పెట్టి, ఇంకా మిగిలిన రెండు గింజలు తీసి నా నెత్తిన వేసింది.

"సరే. చీర నేను తెస్త. సీసా గూడ నేనే నింపుత."